అపార్టుమెంటు బాకీకి నీళ్ళు ఆపకండి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక అపార్టుమెంటు ఉంది. గత నెల ఒక శనివారం పొద్దున అక్కడ మూడో అంతస్తులో ఒక ఇంటికి అపార్టుమెంటు సంఘంవాళ్ళు నీళ్ళు ఆపేశారు. 14 నెలల మెయింటెనెన్స్ బాకీ ఉందట. పైకెళ్ళి ట్యాంకు దగ్గర ఆ ఇంటికి దిగే పైపు వాల్వు తిప్పేసి, హ్యాండిల్ కూడా ఊడదీసి జేబులో వేసుకొచ్చారు. ఆ ఇంట్లో ఉన్నది అద్దెకున్నవాళ్ళు. చంటిపిల్ల ఉంది. అద్దెతో కలిపి మెయింటెనెన్స్ కూడా నెలనెలా ఓనరుకే పంపుతున్నామని వాళ్ళు ఫోన్‌లో చూపించినా ఎవరూ వినలేదు. మధ్యాహ్నానికి మాటా మాటా పెరిగింది, సాయంత్రానికి పోలీస్ స్టేషన్ దాకా పోయింది. రాత్రి 9 గంటలకు నీళ్ళు వదిలారు. బాకీ మాత్రం రాలేదు. పైగా అప్పటిదాకా సక్రమంగా కడుతున్న ఆరు ఇళ్ళవాళ్ళు కూడా "ముందు లెక్కలు చూపండి, తర్వాత కడతాం" అని ఆపేశారు.

ఆ సంఘం సెక్రటరీ మర్నాడు మా ఇంటికొచ్చి గంటన్నర కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. వాచ్‌మన్‌కు జీతం ఇవ్వాల్సిన తేదీ దాటింది, కరెంటు బిల్లు గడువు ముంచుకొచ్చింది, ఖాతాలో పైసలు లేవు. ఆ టెన్షన్‌లో చేసిన పని అది. ఆయనకు నేను చెప్పిన సంగతులు ఇంకొందరికీ పనికొస్తాయని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందులో 19 ఏళ్ళు డిపో క్యాష్ కౌంటర్‌లోనే గడిచాయి. టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు రాకముందు డ్యూటీ దిగిన కండక్టర్ టికెట్ల ట్రే, ఏ టికెట్లు ఎన్ని అమ్మాడో రాసే ఎస్సార్ కాగితం తెచ్చి కౌంటర్ ముందు నిలబడేవాడు. అమ్మిన టికెట్లకూ తెచ్చిన నోట్లకూ లెక్క కలవాలి. కలవకపోతే అతను దొంగ అని ముందే అనుకోకూడదని మా సీనియర్ క్యాషియర్ నాకు మొదటి వారంలోనే చెప్పాడు. ముందు ఎస్సార్ మళ్ళీ చూడు, తర్వాత నీ కూడిక మళ్ళీ చూడు, ఆ తర్వాతే అతని ముఖం చూడు అనేవాడు. అపార్టుమెంటు లెక్కల్లో నాకు పనికొచ్చింది ఆ ఒక్క అలవాటే.

మాది 2009లో కట్టిన అపార్టుమెంటు. సెల్లార్ పార్కింగ్, పైన ఐదంతస్తులు, మొత్తం 30 ఫ్లాట్లు. డబుల్ బెడ్రూమ్‌వి 20, నెలకు 1,200. ట్రిపుల్ బెడ్రూమ్‌వి 10, నెలకు 1,500. అందరూ కడితే నెలకు 39,000 రావాలి. ఖర్చు చూస్తే వాచ్‌మన్‌కు 11,000, మెట్లు ఊడ్చి తుడిచే ఆమెకు 3,000, లిఫ్టు కంపెనీ ఏడాది కాంట్రాక్టు నెలకు పడేది 3,500, లిఫ్టుకూ మోటర్లకూ లైట్లకూ కలిపి కామన్ మీటరు బిల్లు 7,000 చొప్పున, జనరేటర్ డీజిల్, చిల్లర రిపేర్లు 2,500. మొత్తం 27,000. మిగిలే 12,000 రంగులకూ, లిఫ్టు తాళ్ళకూ, బోరు మోటరుకూ దాచుకోవాల్సిన సొమ్ము. 2023 ఏప్రిల్‌లో నన్ను కోశాధికారిగా పెట్టినప్పుడు నెలకు 24, 25 వేలకు మించి వసూలు కావడం లేదు. బ్యాంకులో ఉన్నది 6,140 రూపాయలు. రిజిస్టర్‌లో 13 ఫ్లాట్ల పేర బాకీ 3,84,600.

సర్దుకుంటూ పోదాం అనుకుంటుండగా జులై వచ్చింది. 2023 జులై 27న వరంగల్, హనుమకొండ ఎట్లా మునిగాయో మీ పాఠకులకు కొత్తగా చెప్పక్కరలేదు. నయీంనగర్ నాలా పొంగి ఆ చుట్టుపక్కల కాలనీలన్నీ నీళ్ళలో నిలబడ్డాయి. మా సెల్లార్‌లోకి నడుము లోతు నీళ్ళొచ్చాయి. లిఫ్టు గుంత నిండింది, కింద ఉన్న వైరింగ్, బోర్డులు పోయాయి. మోటరు స్టార్టర్ కాలిపోయింది. లిఫ్టుకు 86,000, మోటరు వైండింగ్‌కు, కొత్త స్టార్టర్‌కు 18,500, బురద ఎత్తిపోయడానికి, సంపు కడగడానికి 6,000. మొత్తం 1,10,500. మా ఖాతాలో ఉన్నది 14,500.

లిఫ్టు 19 రోజులు ఆగిపోయింది. నాలుగో అంతస్తులో ఒక పెద్దమ్మ ఉంటుంది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోవాలి. ఆ 19 రోజుల్లో ఎనిమిదిసార్లు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించారు, ఎనిమిదిసార్లు ఎక్కించారు. పోయేటప్పటికన్నా వచ్చేటప్పుడే కష్టం. డయాలసిస్ అయ్యాక ఆమెకు తల నిలవదు, కుర్చీ కొంచెం వంగినా భయపడి కళ్ళు మూసుకునేది. మోసినవాళ్ళు మా వాచ్‌మన్, రెండో అంతస్తులో అద్దెకున్న ముగ్గురు కాలేజీ పిల్లలు. మెట్ల మలుపు దగ్గర కుర్చీ తిరగక ఒక అబ్బాయి మోచెయ్యి గోడకు గీసుకుపోయి రక్తం వచ్చింది. "ఏం కాదు అంకుల్, ముందు పెద్దమ్మను చూడండి" అన్నాడు.

ఆ పిల్లలున్న ఫ్లాటు మా బాకీల జాబితాలో ఉంది. 26 నెలలు, 31,200. అంతకు ముందు కమిటీవాళ్ళు ఆ జాబితాను ఎర్ర ఇంకుతో రాసి లిఫ్టు పక్కన అతికించారు. ఆ పిల్లలు రోజూ దాని పక్కనుంచే కాలేజీకి పోయేవాళ్ళు. నేను ఒక సాయంత్రం వాళ్ళ దగ్గరికి పోయి అడిగితే, అద్దెతోపాటు 1,200 కూడా నెలనెలా ఓనరుకు పంపుతూనే ఉన్నామని 26 నెలల చెల్లింపులూ ఫోన్‌లో ఒక్కొక్కటే తీసి చూపించారు. మేం వాళ్ళ పేరును గోడకెక్కించి అవమానించాం, వాళ్ళు మా మనిషిని భుజాల మీద మోశారు. ఆ రాత్రి పోయి ఆ కాగితం చింపేశాను. కమిటీని అడగలేదు.

లిఫ్టు బాగు చేయించడానికి ఆరుగురం తలా 16,000 చేబదులు ఇచ్చాం. సంఘానికి అప్పు ఇచ్చినట్టు రసీదు రాసుకున్నాం, ఏడాదిలోపు తిరిగి తీసుకున్నాం. కానీ ఆ మీటింగులో గొడవ చాలా అయింది. కడుతున్నవాళ్ళ కోపం న్యాయమైనదే. "మేం కట్టిన పైసలతో నడిచే లిఫ్టు వాళ్ళెందుకు ఎక్కాలె? నల్లా బంద్ చెయ్యి, కరెంటు బంద్ చెయ్యి, ఉరికొచ్చి కడ్తరు" అని ఒకాయన లేచాడు. సగం మంది చప్పట్లు కొట్టారు. నేను ఒక్కటే అడిగాను: మన రిజిస్టర్‌లో ఉన్న 3,84,600 అక్షరాలా నిజమని ఇక్కడ సంతకం పెట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎవరూ పెట్టలేదు. మూడు నెలలు టైమివ్వండి, లెక్క తేల్చి తెస్తానన్నాను.

ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా అదే పని. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని ఫ్లాటుకు రెండు పేజీలు కేటాయించాను. ఎడమ పేజీలో నెలవారీగా రావాల్సింది, కుడి పేజీలో వచ్చింది, తేదీతో, రసీదు నంబరుతో. ఐదేళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకున్నాను. అక్కడే బయటపడింది అసలు సంగతి. ఫోన్‌పే, గూగుల్‌పే వచ్చాక జనం పంపుతున్నారు కానీ ఫ్లాటు నంబరు రాయడం లేదు. కొడుకు ఫోన్ నుంచి ఒకరు, అల్లుడి ఖాతా నుంచి ఇంకొకరు. బ్యాంకులో జమ పడింది, మా రిజిస్టర్‌లో ఎవరి పేరా పడలేదు. అట్లాంటివి తేల్చితే 52,800 వచ్చింది. ఇంకా, బాకీ మీద నెలకు నూటికి రెండు చొప్పున వడ్డీ, ఆ వడ్డీ మీద వడ్డీ వేసి 34,400 కలిపారు. వడ్డీ వెయ్యాలని సర్వసభ్య సమావేశం ఎప్పుడూ తీర్మానం చేయలేదు. అది తీసేశాం. రెండూ కలిపి 87,200. అంటే మనం గోడకెక్కించిన బాకీలో దాదాపు నాలుగో వంతు బాకీయే కాదు. మిగిలింది 2,97,400.

ఆ నోట్‌బుక్ పట్టుకొని ఇద్దరం కలిసి ఒక్కో ఇంటికి పోయాం. ఒక్కరే పోవద్దని నా మాట, ఎందుకంటే తర్వాత "నేనట్ల అనలే" అంటారు. ఫోన్ చేసి టైము అడిగి పోయాం. వాళ్ళ పేజీ మాత్రమే చూపించాం, పక్కవాళ్ళది చూపలేదు. లెక్క సరిపోయిందనిపిస్తే "ఇంత బాకీ ఉన్నది వాస్తవం" అని కింద తేదీతో సంతకం పెట్టించుకున్నాం. ఈ సంతకం చాలా ముఖ్యమని మాకు తెలిసిన వకీలు చెప్పాడు. బాకీ వసూలుకు దావా వేయాలంటే మామూలుగా మూడేళ్ళ గడువు. గడువు లోపలే బాకీదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్కకొస్తాయి. ఎన్నో సంఘాలు ఐదేళ్ళ, ఆరేళ్ళ బాకీలు రిజిస్టర్‌లో మోసుకుంటూ పోతాయి, కోర్టుకు పోయేసరికి అందులో సగం బాకీకి గడువు దాటిపోయి ఉంటుంది.

ఇళ్ళకు పోయి మాట్లాడితే ఎందుకు కట్టడం లేదో తెలిసింది. పై అంతస్తు ఆయన రెండేళ్ళుగా కట్టలేదు, 36,000. తలుపు తీసి ఏం మాట్లాడకుండా లోపలికి తీసుకుపోయి బెడ్రూమ్ కప్పు చూపించాడు. టెర్రస్ నీళ్ళు దిగి పెచ్చులు ఊడిపోయాయి, సీలింగ్ ఫ్యాను తీసేసి పక్కన పెట్టుకున్నారు. మూడు వానాకాలాలుగా కమిటీకి కాగితాలు రాశాడు, మూడు కాపీలూ దాచుకున్నాడు. టెర్రస్ అందరిదీ, దాని రిపేరు సంఘానిదే. ఆయన కట్టకపోవడం తప్పే, కానీ ఆయన కడుపు మంటకు కారణం మేమే. 2024 వేసవిలో ఆ భాగానికి 41,000 పెట్టి వాటర్ ప్రూఫింగ్ చేయించాం. మేస్త్రీ పని ముగించిన వారంలోపే ఆయన 36,000 చెక్కు తెచ్చిచ్చాడు.

మొదటి అంతస్తులో ఒక అమ్మ. భర్త కరోనాలో పోయాడు. పేరు గోడ మీద పడ్డప్పటి నుంచి మెట్ల మీద మేం ఎదురైతే తలొంచుకొని పోయేది. 26,400. నెలవారీ 1,200తో పాటు పాత బాకీ కింద నెలకు 1,000 కడతానని ఆమే అన్నది. 2023 డిసెంబర్ నుంచి ఒక్క నెల కూడా తప్పలేదు, ఈ ఏడాది మొదట్లో పూర్తిగా తీరింది. సగం మాఫీ చేద్దామని కమిటీలో కొందరంటే ఆమె ఒప్పుకోలేదు.

ఇక తాళం వేసిన ఇళ్ళు. ఇది మా ఒక్క అపార్టుమెంటు సమస్య కాదు. నర్సంపేట, పరకాల, భూపాలపల్లి వైపు వాళ్ళు పిల్లల చదువుల కోసం హనుమకొండలో ఫ్లాట్లు కొంటారు, చదువులయ్యాక తాళం వేస్తారు. అమెరికాలో ఉన్నవాళ్ళవీ ఉంటాయి. భూపాలపల్లిలో సింగరేణిలో పనిచేసే ఒకాయన ఆదివారం వచ్చినప్పుడు పట్టుకొని అడిగితే, "సార్, మేం ఈడ ఉంటలేం, లిఫ్టు ఎక్కుతలేం, నీళ్ళు వాడుతలేం. ఎందుకు కట్టాలె?" అన్నాడు. చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే అది, కోప్పడితే జవాబు కాదు. నోట్‌బుక్ వెనక పేజీలో ఆయన ముందే లెక్క వేశాను. మీ ఇల్లు తాళం వేసినందుకు వాచ్‌మన్ జీతం తగ్గిందా? లేదు. లిఫ్టు కాంట్రాక్టు? లేదు. ఊడ్చే ఆమె మీ గుమ్మం ముందు మాత్రం వదిలేస్తుందా? లేదు. 27,000లో మీరు లేకపోతే తగ్గేది మోటరు కరెంటు కొంత, అంతే. ఇంకా ఒక మాట: ఇంటికి తాళం వేసి మీరు భూపాలపల్లిలో నిశ్చింతగా నిద్రపోతున్నారంటే ఇక్కడ వాచ్‌మన్ మేలుకొని ఉన్నాడు కాబట్టే. ఆయన కాసేపు కాగితం చూసి, "గిట్ల ఎవ్వరు చెప్పలే సార్" అని అక్కడికక్కడే సగం పంపాడు, మిగతా సగం జీతాల రోజున.

అద్దె పిల్లల ఓనరు సంగతి చెప్పాలి. ఫోన్ చేస్తే మొదట కోప్పడ్డాడు. పిల్లలు పంపిన చెల్లింపుల కాగితాలు, మా పేజీ ఫోటో తీసి పంపిన తర్వాత రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు 31,200 మొత్తం పంపాడు. అప్పటి నుంచి మా దగ్గర ఒక పద్ధతి: సంఘానికి జవాబుదారీ ఎప్పుడూ ఓనరే, కానీ అద్దెకున్నవాళ్ళు మెయింటెనెన్స్‌ను నేరుగా సంఘం ఖాతాకే పంపి రసీదు తీసుకుంటారు, అద్దె అగ్రిమెంటులోనే ఆ ముక్క రాయించుకుంటాం. ఇంత చిన్న పని ఐదేళ్ళ ముందే చేసి ఉంటే ఆ పిల్లల పేరు గోడకెక్కేది కాదు.

ఒక ఫ్లాటు హౌసింగ్ లోన్ కట్టలేక బ్యాంకు చేతికి పోయింది. 40 నెలల బాకీ, 48,000. ఇలాంటి వేలం నోటీసుల్లో ఆస్తిని 'ఉన్నది ఉన్నట్టుగా' అమ్ముతున్నట్టు ఉంటుంది. అంటే పాత బాకీల భారం కొన్నవాళ్ళ నెత్తిన పడవచ్చు, కానీ ఆ సంగతి వాళ్ళకు ముందే తెలియాలి కదా. పేపర్లో నోటీసు చూసిన రోజే ఆ బ్యాంకు అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో బాకీ వివరం రాసి పంపాం, కాపీ గేటు దగ్గర పెట్టుకొని చూడటానికొచ్చిన ప్రతివాళ్ళకూ ఇచ్చాం. వేలంలో కొన్నాయన గృహప్రవేశానికి ముందే కట్టాడు. మామూలు అమ్మకాల్లోనూ ఇదే ఇబ్బంది. రిజిస్ట్రేషన్ అయిపోతుంది, అమ్మినాయన పోతాడు, కొన్నాయన "నాకేం తెలుసు" అంటాడు. సంఘం నుంచి 'బాకీ లేదు' అన్న కాగితం చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దని పాత ఫ్లాట్లు కొనేవాళ్ళందరికీ చెబుతున్నాను.

ఎంత మంచిగా అడిగినా కదలని ఇల్లు ఒకటి మిగిలింది. అమెరికాలో ఉన్న ఓనరు, 38 నెలలు, 57,000. ఫోన్ ఎత్తడు, మెసేజ్ చూసి ఊరుకుంటాడు. కోర్టంటే ఏళ్ళు పడుతుందని అందరూ భయపెట్టారు. మా వకీలే దారి చూపాడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెడితే, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలుస్తారు. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే అక్కడిచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉన్న ఏర్పాటు ఇది. మన హనుమకొండలో కోర్టు దగ్గరి కూడలిని అదాలత్ సెంటర్ అనని రోజు లేదు, ఆ పక్కనే ఉన్న ఈ సదుపాయం మాత్రం 30 ఇళ్ళలో ఒక్కరికీ తెలియదు.

అక్కడ మొదట అడిగింది బాకీ గురించి కాదు, మా సంఘం గురించి. రిజిస్ట్రేషన్ పత్రం, బైలా, ఇప్పటి కార్యవర్గం జాబితా, దరఖాస్తు పెట్టాలని చేసిన తీర్మానం. మాది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం. కొన్నిచోట్ల 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదు చేసుకున్నవీ ఉన్నాయి. ఏ చట్టమైనా రిజిస్ట్రార్ దగ్గర ఏటా పెట్టాల్సిన కాగితాలు పెట్టాలి. మా సంఘం 2014 తర్వాత ఒక్క కాగితం కూడా దాఖలు చేయలేదు. అవన్నీ సరిచేయడానికే నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో రెండు నెలల బాకీ మూడేళ్ళ గడువు దాటిపోయింది. చివరికి ఆయన తరఫున తండ్రి, కొడుకు రాసిచ్చిన అధికార పత్రంతో వచ్చాడు. పెద్దమనిషి. బెంచీ మీద నా పక్కనే కూర్చొని, వీడు ఇంత చేశాడని నాకు తెలియదు బాబూ అన్నాడు. 36 నెలలకు 54,000, 13,500 చొప్పున నాలుగు వాయిదాలు. నాలుగూ వచ్చాయి.

వసూలు గురించి ఇంత చెప్పి ఖర్చు గురించి చెప్పకపోతే తప్పవుతుంది, ఎందుకంటే వసూలు నిలబడేది అక్కడే. ఇప్పుడు మాకు ఒక్కటే బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకం. వాచ్‌మన్ చేతికి నగదు ఇవ్వడం బంద్, పాపం అతని మీద కూడా మాట పడదు. ప్రతి నెలా 5వ తేదీన పాత ఎర్ర కాగితం ఉన్న చోటే తెల్ల కాగితం అతికిస్తాను. పోయిన నెల వచ్చింది ఎంత, పోయింది ఎంత, దేనికి, బ్యాంకులో ఎంత. ఎవరి పేరూ ఉండదు. ఎవరి బాకీ వాళ్ళకు విడిగా మెసేజ్ పోతుంది. బిల్లుల ఫైలు మా ఇంట్లో హాలులోనే ఉంటుంది, ఎవరైనా సాయంత్రం వచ్చి చూసుకోవచ్చు. మొదటి మూడు నెలలు రోజుకొకరు వచ్చారు, కరెంటు బిల్లు ఎందుకు పెరిగిందని, మేస్త్రీకి అంతెందుకని. చెప్పాను. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. గడువు 15వ తేదీ, దాటితే 50 రూపాయలు, అది దసరా సెలవుల్లో ఊళ్ళ నుంచి ఓనర్లందరూ వచ్చినప్పుడు సర్వసభ్య సమావేశం పెట్టి తీర్మానం చేసుకున్నాం. ఒక్కో ఇంటికి నెలకు 7,500 లోపు మెయింటెనెన్స్ ఉన్నంత వరకు జీఎస్టీ గొడవ లేదు, ఆ భయం చిన్న అపార్టుమెంట్లవాళ్ళకు అక్కరలేదు.

2024 ఏప్రిల్ నుంచి ఫ్లాటుకు 200 చొప్పున, నెలకు 6,000 వేరుగా తీసి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తున్నాం. రెండేళ్ళకు వడ్డీ కాక 1,44,000 అయింది. లిఫ్టుకు తప్ప, మోటరుకు తప్ప, వరదకు తప్ప ముట్టుకోకూడదని తీర్మానం. ఈ నిధి అసలు మొదట్లోనే ఉండాల్సింది. మా బిల్డర్ ఇంటికి 20,000 చొప్పున కార్పస్ ఫండ్ పేర 6,00,000 వసూలు చేసి, సంఘానికి అప్పగించింది 2,10,000. మిగతాది ట్రాన్స్‌ఫార్మర్‌కు అయిందన్నాడు, బిల్లు ఇవ్వలేదు. అప్పుడు మాలో ఎవరూ గట్టిగా అడగలేదు. హంటర్ రోడ్డు, గోపాలపూర్, భీమారం వైపు ఇప్పుడు కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్లలో కొంటున్నవాళ్ళకు ఇది ముఖ్యంగా చెప్పాలనిపిస్తుంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం, సగానికి మించి ఫ్లాట్లు బుక్ అయ్యాక మూడు నెలల్లోపు సంఘం ఏర్పడేలా చూడటం బిల్డర్ బాధ్యత. తాళంచెవులు తీసుకునే రోజునే కార్పస్ ఫండ్ లెక్క బిల్లులతో సహా తీసుకోండి. ఇల్లు చేతికొచ్చిన సంతోషంలో ఆ రోజు అడగకపోతే ఆ తర్వాత బిల్డర్ దొరకడు.

మీ పత్రిక ద్వారా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పెద్దలకు ఒక మనవి. అపార్టుమెంటు సంఘాల బాకీల కోసం హనుమకొండలో, వరంగల్‌లో మూడు నెలలకొకసారి, వీలైతే ఆదివారం, ఒక ప్రత్యేక బెంచీ పెట్టండి. బయట ఊళ్ళలో ఉన్న ఓనర్లకు రావడానికి వీలవుతుంది. ఏ కాగితాలు తేవాలో ఒక పేజీలో తెలుగులో అచ్చు వేయించి ఇస్తే మాలాంటివాళ్ళకు నాలుగు నెలలు ఆదా అవుతాయి. మహానగర పాలక సంస్థవారు కూడా ఇంటి పన్ను నోటీసులతోపాటు ఆ పేజీని అపార్టుమెంట్లకు పంపించగలిగితే ఇంకా మేలు.

ఇక ఆ పక్క అపార్టుమెంటు సెక్రటరీ. నా నోట్‌బుక్ రెండు పేజీలు జిరాక్స్ తీసుకుపోయాడు. వాల్వు హ్యాండిల్ మళ్ళీ బిగించానని, ఆ అద్దె ఇంటివాళ్ళ దగ్గరికి భార్యను తీసుకొని పోయి మాట్లాడి వచ్చానని నిన్న ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం ఆయనతో కలిసి వాళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్లు చూడటానికి కూర్చుంటున్నాను. ఇంకెవరికైనా లెక్క తేల్చడంలో సాయం కావాలంటే మీ కార్యాలయానికి రాయమనండి, మీరు పంపితే తప్పకుండా పోతాను.

మా సంఘంలో గత నెలాఖరుకు బాకీ 18,300, రెండు ఇళ్ళు. ఆ రెండు ఇళ్ళవాళ్ళూ ఈ పత్రిక చదువుతారు. అందుకే నా పేరు, మా అపార్టుమెంటు పేరు దయచేసి అచ్చు వేయవద్దు.

ఇట్లు,
ఒక అపార్టుమెంటు సంఘం కోశాధికారి,
విశ్రాంత ఆర్టీసీ క్యాషియర్,
హనుమకొండ.